రెండు బ్యాటరీలు, ఒకే గడి

ప్రతి వాహనానికీ ఒకే బ్యాటరీ ఉంటుందని మా సెర్బియాలో వాహన తనిఖీ ఫారం ఏనాడో తీర్మానించింది. ఎవరి బండికైనా రెండుంటే అది బండి చేసిన తప్పు.

నా వ్యానుకు రెండున్నాయి. ఒకటి ఇంజనుకి. రెండోది కొండ మీదికి తీసుకెళ్ళే తేనెటీగల పెట్టెల చుట్టూ కట్టే కరెంటు కంచెకి (ఎలుగుబంట్లకు ఏ ఫారమూ అక్కర్లేదు, నేరుగా వచ్చేస్తాయి). కొండ మీద బగ్రెం చెట్లు పూశాయి. ఆ పూత పది రోజులే, అప్పటికే మూడు పోయాయి. నలభై పెట్టెల ఈగలు పెరట్లో ఆకలితో గోల పెడుతున్నాయి. ఈ పూత తప్పిపోతే నాకు ఈ ఏడాది తేనె లేనట్టే.

సరిగ్గా అప్పుడే బండిలో కుళ్ళిన గుడ్ల కంపు మొదలైంది. అంతకుముందు వారంలోనే రెండు లైట్లు మాడాయి. మీటరు పెట్టి చూస్తే ఇంజను బ్యాటరీ దగ్గర పదహారు పాయింట్ రెండు వోల్టులు, రెండోదాని దగ్గర పన్నెండు పాయింట్ ఒకటి. పద్నాలుగున్నర దాటితే బ్యాటరీ ఉడికిపోతుందని మా ఊళ్ళో కోళ్ళకు కూడా తెలుసు.

ఏడాది తనిఖీ గడువు కూడా అప్పుడే వచ్చిపడింది. ఆఫీసులో రాడోయ్కా అనే ఆవిడ ఈ రెండు అంకెలూ చూసి నొచ్చుకుంది.

"బాబాయ్ గారూ, గడి ఒకటే ఉంది."

"బ్యాటరీలు రెండమ్మా!"

"కూడితే ఇరవై ఎనిమిది దాటుతోంది. అన్ని వోల్టులుంటే అది లారీ అవుతుంది. మీకు లారీ లైసెన్సుందా?"

"లేదు తల్లీ."

"అయితే సరాసరి తీస్తాను." తీసింది. పద్నాలుగు పాయింట్ పదిహేను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఇంత ఆరోగ్యంగా ఉన్న బండి ఈ నెలలో రాలేదండీ!" అంటూ రెండు అంకెలూ, కింద సరాసరీ రాసి, ముద్ర కొట్టేసింది. (ఇదే లెక్కన నేనూ, మూడు నెలల నా మనవడూ చెరో ముప్పై ఏళ్ళ కుర్రాళ్ళం.)

ముద్ర పడినా కంపు పోలేదు. మెకానిక్ జివాదిన్ మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. మా దగ్గర మేస్త్రీ అన్నవాడు కాఫీ తాగకుండా బానెట్ ఎత్తడు, ఎత్తాక వెనకటి మేస్త్రీని తిట్టకుండా పని మొదలెట్టడు.

"ఎవడు బావా ఈ ఘనకార్యం చేసింది? ఈ ఎర్ర తీగ చూడు. ఆల్టర్నేటర్ దీంతోనే 'కడుపు నిండిందా' అని అడుగుతుంది. దీన్ని తీసుకెళ్ళి రెండో బ్యాటరీకి తగిలించాడు చవట! రెంటినీ కలిపే స్విచ్చేమో తుప్పు పట్టి కలపడం మానేసింది. అడిగేది చిన్నోణ్ణి, వడ్డించేది పెద్దోడికి. వాడు ఆకలో అని ఏడుస్తుంటే వీడి పొట్ట పగులుతోంది."

"మేస్త్రీ, నువ్వే తగిలించావు. పోయిన చలికాలం."

జివాదిన్ స్పానర్ అందుకున్నాడు. "అప్పుడు సరిగ్గానే పెట్టాను. తర్వాత నీ బండి బుద్ధి మారింది," అన్నాడు. తీగ మొదటి బ్యాటరీకి మార్చి, స్విచ్చు గీకి శుభ్రం చేశాడు. రెండు చోట్లా పద్నాలుగు పాయింట్ మూడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున్నే పెట్టెలెక్కించి బయల్దేరాను. కొండ మొదట్లో పోలీసు ల్యుబింకో ఆపాడు. తేనె రుతువు ప్రత్యేక తనిఖీ అట. కాగితం చూశాడు, మీటరు పెట్టాడు, మళ్ళీ కాగితం చూశాడు.

"పెద్దాయనా, కాగితంలో ఉన్న బండి ఇది కాదు."

"బాగు చేయించాను నాయనా."

"ఎవరినడిగి?"

ఆఫీసుకు ఫోన్ చేశాడు. రాడోయ్కా గొంతు నాక్కూడా వినబడింది: "ఆయన లోపానికి ఆమోదం ఉంది. మరమ్మతుకే లేదు. దరఖాస్తు పెట్టుకోమనండి, ఎనిమిది పనిదినాలు."

పూత ఇంకా ఆరు రోజులే. వెనక నలభై పెట్టెలు ఝుమ్మంటున్నాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. జివాదిన్‌కు ఫోన్ చేశాను.

"ఓస్, ఇంతేనా! తీగ మళ్ళీ రెండోదానికి తగిలించు, స్విచ్చు ఊడబీకు. ఎలా చెయ్యాలో నాకు బాగా తెలుసు."

రోడ్డు పక్కనే కూర్చుని, పోలీసువారి సమక్షంలో, బాగున్న బండిని జాగ్రత్తగా చెడగొట్టాను. ల్యుబింకో స్పానర్ అందించి సాయం చేశాడు, మంచివాడు. ఇంజను తిప్పాను. కాసేపటికి గుప్పున కంపు కొట్టింది. పదహారు పాయింట్ రెండు, పన్నెండు పాయింట్ ఒకటి.

"అద్దీ!" అంటూ సెల్యూట్ కొట్టాడు. "క్షేమంగా వెళ్ళిరండి."

మధ్యాహ్నానికల్లా నా ఈగలు బగ్రెం పూల మీద పండగ చేసుకుంటున్నాయి. వాటిని చూసి కడుపు నిండా నవ్వుకుని, బానెట్ ఎత్తి, తీగా స్విచ్చూ మళ్ళీ సరిచేశాను. బండి ఇప్పుడు నిక్షేపంలా ఉంది. ఎవరి కంటా పడకుండా పొదల చాటున దాచాను.