వాయుగుండం బావ తుఫాను

సముద్రం ఒడ్డున పరుపుల షాపు పెట్టడం అంత తెలివైన పని కాదని ఆ షాపు యజమానికి తెలుసు. తేమ దూదికి శత్రువు. కానీ ఒడ్డున జనం ఎక్కువ. తేమ తినేదాన్ని జనం పూడుస్తారని ఆయన లెక్క. ఏ విషయాన్నైనా ఆయన అలాగే చూసేవాడు. నవ్వాలన్నా గిట్టుబాటు చూసుకుని నవ్వుతాడని వీధిలో అనుకునేవారు.

ఆ చలికాలం ఉదయం ఆయన పెట్టుకున్న పని ఒక్కటే. కొత్త హాస్టల్‌కి కావలసిన దూది పరుపులన్నీ కుట్టి సిద్ధంగా ఉన్నాయి. సాయంత్రానికల్లా లారీలో ఎక్కించి వార్డెనమ్మకి అప్పగించాలి. ఆ ఆర్డరు కోసం ఎదురుగా ఉన్న పరుపుల షాపు వాడు కూడా కాళ్ళరిగేలా తిరిగాడు. వార్డెనమ్మ తేల్చి చెప్పేసింది. "పరుపులు పొడిగా, శుభ్రంగా వస్తే ఏటా ఆర్డరు మీకే. ఒక్కటి తేడా వచ్చినా ఎదురు షాపుకి వెళ్ళిపోతాను. తర్వాత నన్ను అనకండి."

లారీ వచ్చి ఆగింది. వ్యాపారి చేతులు దులుపుకుని లేచాడు. అప్పుడే ఫోను మోగింది.

"ఒరేయ్, కూర్చున్నావా, నించున్నావా?" అన్నాడు బావ.

"నించునే ఉన్నాను."

"అయితే కూర్చో. ముల్లు పడిపోయింది."

"ఎక్కడ పడింది? అక్కని వెతకమను."

"కింద పడలేదురా! కిందికి పడిపోయింది. బారోమీటర్ ముల్లు!"

ఈ బావ వ్యాపారి అక్క భర్త. కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరయ్యాక వాతావరణం మీద పడ్డాడు. గాలి ఒత్తిడిని కొలిచే గుండ్రటి ఇత్తడి బారోమీటర్ ఒకటి సంపాదించి, రోజూ పొద్దున్నే దాన్ని వేలితో తట్టి, ఆ రోజు ఎండో వానో వీధివాళ్ళ ఫోను గ్రూపులో ప్రకటించేవాడు. ఆయన చెప్పిన వానల్లో సగం వచ్చేవి. మిగతా సగం వేరే ఊళ్ళో పడ్డాయని ఆయనే తేల్చేవాడు. వీధి ఆయనకి వాయుగుండం అని పేరు పెట్టింది. ఆయన దాన్ని బిరుదనుకున్నాడు.

ముందురోజే ఆయన ఒడ్డున ఉన్న అద్దెవాటా ఖాళీ చేసి, ఊరి వెనక గుట్ట మీద కట్టుకున్న సొంత ఇంట్లో చేరాడు. సామానంతా లారీలో వేసి, బారోమీటర్‌ని మాత్రం పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చి కొత్త గోడకి తగిలించాడు. తెల్లారి లేచి చూస్తే ముల్లు ఎన్నడూ లేనంత కిందికి దిగి ఉంది.

"ఒత్తిడి ఇంతగా పడిపోవడం నేను చూడలేదురా. సముద్రంలో ఏదో భయంకరమైనది ఉంది. తుఫాను రావచ్చు. రావచ్చు అంటున్నాను, వస్తుందని అనడం లేదు."

"వాతావరణ కేంద్రం వాళ్ళేమంటున్నారు?"

"ఆకాశం నిర్మలం అంటున్నారు. వాళ్ళ దగ్గర నా బారోమీటర్ ఉందా ఏమిటి? సరే, ఎవరికీ చెప్పకు. జనం కంగారుపడతారు."

వ్యాపారి పరుపుల దొంతర మీద కూలబడ్డాడు. నిరుడు చిన్న వానకే షాపులోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. నీళ్ళు తాగిన దూది పరుపు అమ్మకానికీ పనికిరాదు, పడుకోవడానికీ పనికిరాదు. హాస్టల్ మాత్రం ఏమంత పదిలం? అదీ ఒడ్డునే ఉంది, పైగా కిటికీలకి ఇంకా అద్దాలు బిగించలేదు. ఆయన మనసులో తక్కెడ పట్టాడు. బావ మాట నమ్మాక తుఫాను రాకపోతే లారీ ఒకసారి వృథాగా తిరుగుతుంది. నమ్మకుండా ఊరుకున్నాక అది వస్తే హాస్టల్ ఆర్డరు ఎదురు షాపుకి పోతుంది. తక్కెడ ఎటు మొగ్గాలో అటే మొగ్గింది.

"బావా, నీ కొత్త ఇంట్లో ఖాళీ ఉందా?"

"బోలెడు."

"అయితే పరుపులు పంపిస్తున్నా."

లారీలోకి పరుపులు ఎక్కుతుంటే ఎదురు షాపు వాడు రోడ్డు దాటి వచ్చాడు.

"ఏంటన్నా, హాస్టల్‌కి సాయంత్రం కదా?"

"ఏం లేదు, దుమ్ము దులుపుదామని."

"లారీలో ఎక్కించా?"

"గుట్ట మీద దులుపుతాం. అక్కడ గాలి బాగుంటుంది."

ఎదురు షాపు వాడు లారీ వంక చూశాడు, సముద్రం వంక చూశాడు, మళ్ళీ లారీ వంక చూశాడు. నవ్వడానికి కూడా లెక్క చూసుకునే మనిషి ఊరికే లారీ తిప్పుతాడా? పైగా గుట్ట మీద ఉన్నది ఎవరు? వాయుగుండం! వాడు పరుగున వెళ్ళి వ్యాను పిలిపించి తన పరుపులు కూడా ఎక్కించడం మొదలుపెట్టాడు, గుట్ట అవతల ఉన్న అత్తగారి ఊరికి.

రెండు పరుపుల షాపులు ఒకేసారి ఖాళీ అవుతుంటే టీ కొట్టువాడు పొయ్యి ఆర్పేశాడు. పొయ్యి ఆరిందని పెట్రోలు బంకు ముందు వరస పెరిగింది. వరస చూసి జాలర్లు పడవలు ఒడ్డు పైకి లాగేశారు. ఎవరూ ఎవరితోనూ తుఫాను అనే మాట అనలేదు. అందుకే అందరూ నమ్మారు.

గుట్ట మీద అక్క ఇంకా సామాను మూటలు విప్పలేదు. పరుపులు గుమ్మంలోంచి వస్తూనే ఉన్నాయి. హాలు నిండింది, పడకగది నిండింది, వంటింటి దారిలో మనిషి పట్టేంత సందే మిగిలింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఇల్లు కట్టుకుంది మేం ఉండటానికా, నీ పరుపులు ఉండటానికా?"

"ఈ ఒక్క పూటేనే అక్కా. ఈ గోడ పక్కన ఇంకాస్త చోటుంది," అన్నాడు లారీ వెంటే వచ్చిన వ్యాపారి.

"ఆ చోటులో నేను నిలబడ్డానురా!"

అప్పటికి బావ డాబా మీద నిలబడి దుర్భిణిలోంచి ఊరిని చూస్తున్నాడు. షాపులు మూసేస్తున్నారు. పడవలు పైకి లాగేస్తున్నారు.

"జాలర్లు పడవలు లాగేశారే! సముద్రం సంగతి వాళ్ళకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? నా అనుమానం నిజమేనన్నమాట!"

జాలర్లు పెట్రోలు వరసని చూసి లాగారు. ఆ వరస టీ కొట్టుని చూసి, టీ కొట్టు పరుపుల షాపుల్ని చూసి, పరుపుల షాపులు బావని చూసి కదిలాయి. ఇప్పుడు బావ జాలర్లని చూశాడు. ఆయన పెట్టిన పెట్టుబడి ఊరంతా తిరిగి వడ్డీతో ఆయన చేతికే వచ్చింది. వెంటనే గ్రూపులో "తుఫాను ఖాయం. ఇది హెచ్చరిక" అని పెట్టేశాడు. కిందికి వంగి అక్కకి కేకేశాడు. "కరెంటు పోతుంది! మోటారు వేసి నీళ్ళు పట్టు!"

వ్యాపారి ఆ హెచ్చరిక చదివి నోరు తెరిచాడు, మూయడం మరిచిపోయాడు. పొద్దున 'రావచ్చు' అన్న మనిషి ఇప్పుడు 'ఖాయం' అంటున్నాడు!

"బావా, నిజమా? ఎండ ఇంత బాగా కాస్తుంటేనూ?"

"పెద్ద తుఫాను ముందు ఇలాగే ఉంటుందిరా. ఎండ చూస్తుంటేనే నాకు వణుకు పుడుతోంది. పద, ఒడ్డుకి వెళ్ళి గాలి చూడాలి."

షాపులో మిగిలిన పరుపుల కోసం లారీ ఎలాగూ కిందికి వెళ్తోంది. బావ బారోమీటర్ ఒళ్ళో పెట్టుకుని డ్రైవర్ పక్కన ఎక్కాడు, వ్యాపారి ఆయన పక్కన ఇరుక్కున్నాడు. లారీ గుట్ట దిగుతుంటే ముల్లు పైకి లేవడం మొదలుపెట్టింది. షాపు ముందు ఆగేసరికి మామూలు చోటుకి వచ్చి బుద్ధిగా నిలబడింది.

బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తప్పించుకున్నాం! దిశ మార్చుకుంది. అటు తిరిగి వెళ్ళిపోయింది!"

"అంత తొందరగానా?"

"దాని వేగం ఎంతనుకున్నావ్!"

గ్రూపులో "ప్రమాదం తప్పింది" అని వచ్చింది. వీధిలో షట్టర్లు పైకి లేచాయి, పడవలు కిందికి జారాయి, టీ కొట్టువాడు తిట్టుకుంటూ పొయ్యి వెలిగించాడు. వ్యాపారికి ప్రాణం లేచి వచ్చింది. సాయంత్రానికి ఇంకా టైముంది. పైనున్న పరుపులు తెచ్చుకుని నేరుగా హాస్టల్‌కి పోవచ్చు. లారీ మళ్ళీ గుట్ట వైపు తిరిగింది.

సగం ఎక్కేసరికి బావ గట్టిగా అరిచాడు. ముల్లు మళ్ళీ పడిపోతోంది.

"వెనక్కి తిరిగిందిరా! మనల్నే వెతుక్కుంటోంది!"

"మనల్నెందుకు వెతుకుతుంది బావా? మనమేం చేశాం దాన్ని?" అన్నాడు వ్యాపారి.

బావ "మళ్ళీ వస్తోంది" అని గ్రూపులో పెట్టాడు. అప్పుడే ఎదురు షాపు వాడి వ్యాను, ప్రమాదం తప్పిందన్న కబురు విని అత్తగారి ఊరి నుంచి తిరిగి వస్తూ, ఇరుకు మలుపులో ఎదురైంది. దారి ఇవ్వడానికి లారీ డ్రైవర్ వెనక్కి తీశాడు. ఈలోగా ఎదురు షాపు వాడు ఫోనులో కొత్త కబురు చూసుకుని "బాబోయ్!" అని వ్యానుని పైకి వెనక్కి తీయించాడు. దారి ఖాళీ అయింది కదా అని లారీ ముందుకి కదిలింది.

ఈ గొడవలో వ్యాపారి మాత్రం బావ ఒళ్ళోకే చూస్తున్నాడు. లారీ వెనక్కి, కిందికి జారినప్పుడు ముల్లు పైకి లేచింది. లారీ ముందుకి, పైకి వెళ్ళినప్పుడు కిందికి పడింది.

"డ్రైవరూ, కాస్త వెనక్కి తియ్యి."

ముల్లు లేచింది.

"ముందుకి పోనీ."

ముల్లు పడింది.

"మళ్ళీ వెనక్కి."

"సార్, ఇది లారీ అండీ, ఉయ్యాల కాదు!"

వ్యాపారి మెల్లగా బావ వైపు తిరిగాడు. "బావా, నీ తుఫాను సముద్రంలో లేదు. మన లారీలో కూర్చుని తిరుగుతోంది. ఇది ఎత్తుకి పోతే పడుతుంది, కిందికొస్తే లేస్తుంది. అంతే కదా?"

బావ బారోమీటర్‌ని మళ్ళీ ఒకసారి వేలితో తట్టాడు. రంగు వెలిసిన గోడలా అయిపోయింది ముఖం.

"ఎత్తుకి వెళ్తే ఒత్తిడి తగ్గుతుందని పుస్తకంలో ఉందిరా," అన్నాడు చివరికి, చిన్న గొంతుతో. "కానీ అందులో పర్వతాలని రాశారు. మనది గుట్టే కదా!"

వ్యాపారికి తిట్టాలనిపించింది. కానీ తిట్టు వల్ల వచ్చేది ఏమీ లేదు, ఎండ మాత్రం చక్కగా ఉంది, టైమూ ఉంది. "ఇంకెక్కడా నోరెత్తకు. పరుపులు ఎక్కించుకుని పోదాం," అన్నాడు.

ఇంటి ముందు లారీ ఆగింది. మెట్ల మీంచి నీళ్ళు బిరబిరా దిగి వస్తున్నాయి.

వానచుక్క లేని ఊళ్ళో, నిర్మలమైన ఆకాశం కింద, ఆ ఒక్క ఇంట్లోంచి వరద వస్తోంది. అక్క గుమ్మంలో చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నిలబడింది.

"ఎన్నిసార్లు ఫోను చేశాన్రా! ఎత్తవే! మోటారు వేయమన్నారు మీ బావ. వేశాను. ట్యాంకు నిండి పొర్లుతోంది. ఆపాలంటే స్విచ్చి వంటింట్లో ఉంది. నేను ఇవతలికి రాగానే దొంతర కూలి వంటింటికి అడ్డంగా పడ్డాయి నీ పరుపులు!"

వ్యాపారి ఫోను తీసి చూశాడు. తుఫాను వస్తోందా పోతోందా అని వీధి వీధంతా చేసిన ఫోన్ల మధ్య అక్క ఫోన్లు కూడా ఉన్నాయి. ముగ్గురూ తడిసిన పరుపుల్ని లాగి, ఎక్కి, దొర్లి, స్విచ్చి దాకా చేరారు. మోటారు ఆగింది. డాబా మీంచి మెట్ల గది గుండా వచ్చిన నీళ్ళన్నీ పరుపులు పీల్చుకున్నాయి. ఒక్క పరుపు ఎత్తబోతే నలుగురు మనుషుల బరువుంది. సముద్రం పక్కన ఉన్న షాపు మాత్రం చుక్క తడి లేకుండా పొడిగా ఉంది.

వ్యాపారి అక్కడే తడిలో చతికిలబడ్డాడు. ఫోను మోగింది. వార్డెనమ్మ.

ఎత్తాడు. "మేడం, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు..."

"నాకూ మీకెలా చెప్పాలో తెలియడం లేదండీ," అంది వార్డెనమ్మ ఆయన మాట పూర్తికాకుండానే. "తుఫాను హెచ్చరిక గ్రూపులో చూసి చేరడానికి వచ్చిన పిల్లలందర్నీ ఇళ్ళకి పంపించేశాం. ఇక వచ్చే వారం గానీ రారు. గదులకి తాళాలు వేసేశాం. మీరు అన్న మాట ప్రకారం ఇవాళే తెస్తారని తెలుసు. కానీ ఇప్పుడు తీసుకుంటే నేనెక్కడ పెట్టుకోను? మీరు వారం ఆగగలరా? ఇబ్బంది అయితే చెప్పండి, మొహమాటపడకండి."

వ్యాపారి కిందపడబోయిన ఫోనుని రెండు చేతులతో పట్టుకున్నాడు. పరుపులున్న చోటు వంక చూశాడు. వారం అంటే చాలు. దూది ఆరుతుంది. మళ్ళీ ఏకించి, కొత్త గుడ్డ వేసి కుట్టించవచ్చు. ఆయన గొంతు సవరించుకుని, బేరం దగ్గర వాడే నిట్టూర్పు ఒకటి తీశాడు.

"ఇబ్బందే మేడం. సరుకు కదలకుండా ఉంటే మాకు నష్టమే. అయినా మీ మాట కోసం ఆగుతాం."

"మీ మేలు మరిచిపోనండీ. వచ్చే ఏడాది ఆర్డరు కూడా మీదే అనుకోండి. ఆ హెచ్చరిక పెట్టినాయన మీ బావగారటగా? ఆయనకి నా తరఫున దండాలు చెప్పండి."

ఆ దండాలు వ్యాపారి చెప్పలేదు. పరుపులన్నీ గుట్ట మీది డాబాకీ, గోడలకీ, అక్క కొత్త పూలకుండీల మీదకీ ఎక్కాయి. బావ ఎవరి ముఖమూ చూడకుండా బారోమీటర్ చంకన పెట్టుకుని కిందికి దిగిపోయాడు. షాపులో గోడకి తగిలించి, వేలితో తట్టి, కాస్త ధైర్యం కూడదీసుకుని ఫోను చేశాడు.

"ఒరేయ్, ఈసారి సముద్రం పక్కనే నిలబడి చూశాను. ముల్లు ఠీవిగా నిలబడింది. వారం రోజులూ ఎండే. ఒక్క చుక్క పడితే నా పేరు మార్చుకుంటాను."

వ్యాపారి ఫోను పెట్టేసి, లారీ డ్రైవర్ని టార్పాలిన్లు తెమ్మని పంపాడు.