నీళ్ళు వదిలిన గొంతు

“గొంతు తీసుకున్నాక మళ్ళీ ఇస్తారాండీ?” అని వెంకాయమ్మ గడపలోనే అడిగింది. తెనాలిలో కొత్తగా వెలసిన కలకంఠి రికార్డుల కంపెనీలో, పాడినవాళ్ళ గొంతు ప్లేటులోనే ఉండిపోతుంది. మనిషి మాత్రం ఇంటికి పోవచ్చు. యజమాని పిచ్చేశ్వరరావు ఆ ప్రశ్న విననట్టే లోపలికి రమ్మన్నాడు.

బియ్యం మిల్లు మేడమీద కంపెనీ తెరిచిన రోజున ఆయన మొదట భార్యచేత మంగళహారతి పాడించాడు. పాట ప్లేటులోకి దిగింది, ఆవిడ గొంతు మళ్ళీ పైకి రాలేదు. మిషను పాడైందేమోనని వారంరోజులు బెంగపడ్డాడు. తర్వాత తాను అచ్చువేయించిన ఫారమే తీసి చూశాడు. ఘనంగా ఉంటుందని ‘పాడుట’ అనవలసినచోట ‘గాత్రదానం’ అని వేయించాడు. దానమిచ్చింది తిరిగి రాకపోతే అది మిషను తప్పు కాదు. పైగా ఇంట్లో పోట్లాటలు ఆగాయి. ఏడాది తిరక్కముందే బీరువాలో ముప్పైఆరు గొంతులు చేరాయి. ముప్పైఆరుగురు బజారులో సైగలతో కూరలు బేరమాడుతున్నారు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. తాలూకా కచేరీలో ఫిర్యాదు నోటితోనే చెప్పాలని నియమం.

మూడో తరగతి చదివిన వెంకాయమ్మ ఫారం మీద వేలుపెట్టి కూడబలుక్కుంటూ చదివింది. దానమన్న మాటకు అడ్డుపడితే పాపమేమోనని భయమేసింది. పదహారేళ్ళ కూతురు హైమవతి అప్పటికే మిషను బాకా ముందు నిలబడి ఉంది.

“తల్లివి, నువ్వే నీళ్ళు వదలాలమ్మా,” అంటూ యజమాని ఉద్ధరిణి అందించాడు. వదిలింది. పిల్ల పాడింది.

ఆ పాట ఊరంతా మోగింది. కాఫీ హోటల్లోంచి కూతురి గొంతు వినపడితే వెంకాయమ్మ లోపలికి తొంగిచూసి, “అన్నం తిన్నావటే?” అని అడిగేది. పాట ఆగేది కాదు. ఇంట్లో గొంతులేని పిల్ల రెండు రోజులు జ్వరంతో పడి ఉన్నా తెలియలేదు. వెంకాయమ్మ పిల్లను వెంటబెట్టుకుని కంపెనీకి పరిగెత్తింది.

“రేపు బావిలో పడితే కేకెట్టా వేసిద్దండీ?”

“దానం వెనక్కివ్వనమ్మా. మారుదానం ఉంది. గొంతుకు గొంతు.”

“నాకేం పాటొచ్చండీ?”

“పాటెందుకు? రోజూ పిల్లకేం చెబుతావో అదే చెప్పు.”

వెంకాయమ్మ బాకాలోకి వంగింది. మెట్లు చూసుకో, బావి దగ్గరికి పోకు, ఎవరేం పెట్టినా తినకు, పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకు, ఏమడిగినా సరేనను. ప్లేటు నిండింది. ఆమె పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. పిల్ల ప్లేటును యజమాని వెనక్కి తిప్పాడు. హైమవతి గట్టిగా దగ్గింది.

“గొంతు వచ్చిందిగా,” అంటూ ఆయన కొత్త ఫారం తీశాడు. “రెండో రికార్డుకి తల్లి ఒప్పుకుంటుందా?”

వెంకాయమ్మ నోరు తెరిచింది. రెండు చేతులూ అడ్డంగా ఊపింది. ఫారంలో సైగలకు గడి లేదు.

“మౌనం అర్ధాంగీకారం,” అని ఆయన సగం గడి నింపాడు. “మిగతా సగం నువ్వు చెప్పాలమ్మాయ్.”

కింద మిల్లు ఆగింది. తల్లి చేతులు ఇంకా ఊగుతున్నాయి. హైమవతి ఆ చేతులకేసి చూసింది, ఉద్ధరిణికేసి చూసింది, పెద్దాయనకేసి చూసింది.

“సరేనండీ.”