ఎవరూ లేని గదిలో అత్తగారు

ఆ ఉదయం చీపురాయన వేసుకున్న పథకం చిన్నదే. గడ్డం గీసుకుని, ముందు గదిలోని పాత కంప్యూటర్‌ను మోసుకుని, పదకొండింటికల్లా ఆఫీసుకు చేరాలి. చీపురాయన అన్నది ఆఫీసు పెట్టిన పేరు. కంప్యూటర్లలో పేరుకున్న చెత్తను ఊడ్చే ‘చీపురు’ అనే ప్రోగ్రాం రాసింది ఆయనే. ఈమధ్య ఊడ్పించుకునేవాళ్లు కరువయ్యారు. దాంతో యజమాని దాన్ని తిరగేసి రాయమన్నాడు. చెరిపేసినవి తవ్వి తీయాలి, ఎవరు చెరిపారో చెప్పాలి. ఆ రోజు దాన్ని పరీక్షించబోయే నేరపరిశోధన అధికారికి నచ్చితే ఆ శాఖ కొంటుంది, నచ్చకపోతే చీపురాయన వేరే కొలువు వెతుక్కోవాలి.

పరీక్షకు ఇంట్లోని కంప్యూటర్‌నే ఎంచుకోవడానికి ఆయనకు సొంత కారణం ఒకటుంది. అత్తగారు బతికున్నప్పుడు కూతురికి పంపిన గొంతు రికార్డులన్నీ అందులో ‘అమ్మ’ అనే ఫోల్డరులో ఉండేవి. ఆవిడ పోయాక వినే ధైర్యం చాలక కూతురు వాటిని తెరవలేదు. చాలాకాలం ఎవరూ తెరవనిది చెత్త అన్నది చీపురు నియమం. ఆ నియమం రాసిందీ ఆయనే, చూడకుండా ‘తీసెయ్’ నొక్కిందీ ఆయనే. భార్యకు మాత్రం డిస్క్ పాడైందని చెప్పాడు. ఆ రోజు ఆవిడ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆ ముఖం గుర్తొస్తే ఆయనకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. కొత్త ప్రోగ్రాం పనిచేస్తే ఫోల్డరును గుట్టుగా మళ్లీ పెట్టేసి, డిస్క్ బాగుచేయించానని చెప్పాలని ఆశ. నిన్న సాయంత్రమంతా దాన్ని నడుపుతూ ఎదురుగా కూర్చుని మౌస్ కదిపి కదిపి చూశాడు. ఒక్కటీ దొరకలేదు.

సగం గడ్డం నురగలో ఉండగా, తలుపు మూసిన ముందు గదిలో ఎవరో దగ్గారు.

"అమ్మాయ్, గ్యాస్ కట్టేశావా?"

అత్తగారి గొంతు! రేజరు చేతిలోంచి జారింది. వెళ్లి తలుపు తీశాడు. కిటికీ తెర కదలడం లేదు, స్క్రీన్ నల్లగా ఉంది, కుర్చీ మాత్రం ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు కాస్త వెనక్కి ఉంది. బల్ల పట్టుకుని నిలబడ్డాడు. చప్పుడు లేదు. బయటికి వచ్చి తలుపు మూసి, దానికి చెవి ఆనించి కాసేపు నిలబడ్డాడు.

"మాట్లాడవేమే?" అంది గది.

వంటగదిలో గాజుగ్లాసు భళ్లున పగిలింది. భార్య పరుగున వచ్చి గదిలో దూరి బల్ల మీద పడ్డట్టే చేతులాన్చింది. గొంతు టక్కున ఆగిపోయింది.

"నేను రాగానే ఆపేసిందండీ! అమ్మకి నామీద కోపమొచ్చింది!"

అప్పుడు వెలిగింది ఆయనకు. మనుషుల పనికి అడ్డం రాకూడదని, ఎవరూ మౌస్ ముట్టనప్పుడే ఊడ్చేలా చీపురు రాశాడు. బల్ల అదిరినా మౌస్ కదిలినట్టే. తిరగేసినప్పుడు ఆ అలవాటు తీసేయడం మర్చిపోయాడు. పైగా దొరికిన ప్రతి ఫైలునూ తెరిచి, గొంతైతే వినిపించి సరిచూడమన్నాడు. ఇది చెప్పేస్తే సరిపోయేది. కానీ చెప్పాలంటే పాత అబద్ధం కూడా బయటపెట్టాలి.

"అవును, అత్తయ్యగారే," అన్నాడు. "గదిలో మనం ఉంటే ఇష్టపడరేమో."

"అయితే ఎవరూ లోపలికి పోకూడదు!" అని ఆవిడ తాళం వేసి, చెవి గుప్పిట్లో పెట్టుకుంది. కంప్యూటర్ లోపల ఉండిపోయింది.

గ్లాసు చప్పుడుకు కింద వాటాలోని పిన్నిగారు పైకొచ్చారు. "ఏమైందమ్మా?" అని అడిగేలోపు గది, "ఎవరే వచ్చింది? కాళ్లు తుడుచుకు రమ్మను," అంది. పిన్నిగారు ఒక చెప్పు అక్కడే వదిలేసి మెట్లు దిగారు. కాసేపటికి మెట్ల నిండా జనం. అంతలో యజమాని ఫోను.

"ఎక్కడున్నావయ్యా? అధికారి వచ్చి కూర్చున్నారు!"

"కంప్యూటర్ గదిలో మా అత్తగారున్నారు సార్."

"ఉంటే? ఓ మాట చెప్పి తీసుకురా."

"ఆవిడ చనిపోయి చాలాకాలమైంది సార్."

"సెలవు కావాలంటే ఇంకేదైనా చెప్పొచ్చుగా! ఉండు, మేమే వస్తున్నాం."

వచ్చిన అధికారి నెమ్మదస్తురాలు. అందరితోపాటు తలుపు బయట నిలబడింది. "ఒంట్లో బాగుంటోందా తల్లీ?" అని వినపడగానే పట్టపగలే జనం ఒక మెట్టు కిందికి దిగారు. భార్య తలుపుకు చెంప ఆనించి వెక్కి వెక్కి ఏడుస్తోంది. అధికారి ఆవిడ భుజం నిమిరి, తాళంచెవి అడిగి తీసుకుని, లోపలికి నడిచి మౌస్ కదిపింది. గొంతు ఆగింది. స్క్రీన్ వెలిగింది.

"‘అమ్మ’ ఫోల్డరు, చెక్కుచెదరకుండా దొరికింది," అని పైకి చదివింది. "చెరిపింది చీపురు. ‘తీసెయ్’ నొక్కింది ఇంటాయన."

"చూశారా మేడమ్!" యజమాని చప్పట్లు కొట్టాడు. "ఎవరు నొక్కారో కూడా చెప్పేస్తుంది!"

"బాగుంది. తీసుకుంటాం," అంది అధికారి, సగం గడ్డంతో నిలబడ్డ ముద్దాయిని ఎగాదిగా చూస్తూ.

"డిస్క్ పాడైందన్నారు," అంది భార్య.

"చూడకుండా నొక్కేశాను. నీ ఏడుపు చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు."

ఆవిడ అందరినీ పంపేసి గదిలోకి వెళ్లింది.

"బల్ల తాకకు, మాట్లాడతారు," అన్నాడాయన గుమ్మం బయటి నుంచే.

చేతులు ఒళ్లో పెట్టుకుని ఆవిడ కదలకుండా కూర్చుంది. చాలాసేపటికి గది దగ్గింది. "అల్లుడుగారు మంచివారేనే. కాకపోతే ఏది దాచాలో ఏది పారెయ్యాలో ఆయనకి తెలీదు. కాస్త కనిపెట్టుకుని ఉండు." లోపల ఏడుస్తూనే ఆవిడ నవ్వడం ఆయనకు వినిపించింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో చెత్తబుట్ట ఖాళీ చేసే పని కూడా ఆయనకు ఎవరూ అప్పగించలేదు.