తట్టుకు ఓటీపీ అడగలేదు

తట్టు మళ్లీ వచ్చిందని గగ్గోలు పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. అయ్యా, అమ్మా, మా అపార్ట్‌మెంటుకు ఈమధ్య కాలంలో ఇంత మంచి చుట్టం రాలేదు!

నమ్మరా? మా అయిదంతస్తుల్లో ఎవరి తలుపు వాళ్లది. ఎదురింటివాళ్ల ముఖం చూడాలంటే కరెంటు పోవాలి. అలాంటిది ఒక్క పిల్లవాడికి జ్వరమొచ్చి ఒళ్లంతా ఎర్రగా దద్దుర్లు లేచాయో లేదో, రెండు వారాల్లో అన్ని అంతస్తుల్లోనూ అదే జ్వరం, అవే దద్దుర్లు. ఇప్పుడు జనం మెట్ల మీద ఆగి మరీ ఒకరి పిల్లల గురించి ఒకరు అడుగుతున్నారు. ఐకమత్యమంటే ఇదీ!

ఇంకో లాభం చెప్పమంటారా? వెలుతురు చూస్తే కళ్లు మంటలని పిల్లలు ఫోన్లు వాళ్లంతట వాళ్లే అవతల పెట్టారు. ఇన్నేళ్లుగా తల్లిదండ్రుల వల్ల కాని పని!

ఈ ఘనత ఊరికే రాలేదు. దీని వెనక మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారి దూరదృష్టి ఉంది. మూడో అంతస్తులో ఉంటారు. వాళ్లింట్లో నీళ్లు ఏడుసార్లు వడపోస్తే గానీ గ్లాసులోకి దిగవు. వాళ్ల కుక్కకు టీకాలన్నీ తేదీ తప్పకుండా పడ్డాయి. కొడుక్కి మాత్రం ఒక్కటీ పడలేదు. ఇదేం చోద్యమండీ అని ఒకసారి అడిగాను.

"కుక్కకి టీకా లేకపోతే డాగ్ షోలోకి రానివ్వరండీ!" అన్నారు. "మావాడికేం? బిల్డింగులో మిగతా పిల్లలందరూ వేయించుకున్నారుగా. వాళ్లందర్నీ దాటుకుని మావాడి దాకా రోగం ఎలా వస్తుంది?"

ఏం బుర్రండీ! నూటికి తొంభై అయిదు మందికి టీకా పడితే మిగిలినవాళ్లకూ అదే కాపలా అంటారు కదా డాక్టర్లు. సూది పక్కవాడి బిడ్డకు, కాపలా తన బిడ్డకు. చిక్కల్లా ఏమిటంటే, నాలుగో అంతస్తు లాయరు గారికీ ఇదే బుర్ర ఉంది. అయిదో అంతస్తు బ్యాంకు మేడమ్‌కీ ఉంది. మొదటి అంతస్తు లెక్చరరు గారైతే పిల్లలకు స్టాటిస్టిక్సే చెబుతారు, ఆయనకు ఇంకాస్త ఎక్కువే ఉంది. అందరూ ఆ మిగిలిన అయిదుగురిలో తామే అనుకుని నిశ్చింతగా నిద్రపోయారు.

నర్సమ్మ రాకపోలేదు. రెండు నెలల క్రితం టీకాల పెట్టె భుజాన వేసుకుని మిట్టమధ్యాహ్నం వచ్చి గేటు దగ్గర నిలబడింది. మా గేటంటే సామాన్యమా? ఫ్లాటువాళ్లు ఓటీపీ చెబితే గానీ చీమ కూడా లోపలికి రాదు. సెక్యూరిటీ ఒక్కో ఫ్లాటుకూ ఫోన్ చేశాడు. "మాకొద్దు, పక్కవాళ్లకి వేసి వెళ్లమను" అని దాదాపు అందరిదీ ఒకే మాట. పరోపకారం ఇంతగా పొంగిపొర్లే బిల్డింగు ఇంకెక్కడైనా ఉందా! ఆవిడ పెట్టె మూత తీయకుండానే వెళ్లిపోయింది.

తట్టును మాత్రం ఎవరూ ఓటీపీ అడగలేదు. డాగ్ షోలో కుక్కల టీకా కార్డులు చూశారు గానీ పిల్లలవి చూడలేదు మరి. ప్రెసిడెంటు గారబ్బాయికి అక్కడే అంటింది. వాడి దగ్గుతో పాటు దర్జాగా మా లిఫ్టెక్కింది.

వాడికి తగ్గిపోయింది. సంతోషం. "చూశారా, వచ్చింది, పోయింది. ఊరికే భయపెడతారండీ!" అన్నారు ప్రెసిడెంటు గారు.

నిజమే, పోయింది. పోతూ పోతూ రెండో అంతస్తులో, మా ఇంట్లో ఆగింది. ఖాళీ లిఫ్టే కదా అని మా అమ్మాయి పాపను ఎత్తుకుని ఎక్కింది. తట్టున్నవాడు దగ్గి వెళ్లాక కూడా ఆ గాలిలో రోగం రెండు గంటల దాకా కాచుకుని ఉంటుందట. నా మనవరాలికి ఏడు నెలలు. రెండు నెలల క్రితం, నర్సమ్మ వచ్చిన రోజు, పాపను ఎత్తుకుని గేటు దాకా పరుగెత్తుకెళ్లిన మా అమ్మాయితో ఆవిడ అంది, "దీనికింకా టైముందమ్మా. తొమ్మిది నెలలు నిండాక వేద్దాం. అప్పటిదాకా చుట్టూ ఉన్నవాళ్లే దీనికి టీకా."

చుట్టూ ఉన్నవాళ్లం ఎవరమో పైన చెప్పాను కదా. ఇది ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. లోపల పాప ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. "నాన్నా, నేను మెట్లెక్కి రావాల్సింది కదూ" అని మా అమ్మాయి పొద్దుట్నించీ ఏడుస్తోంది. నాకు ఒళ్లు మండిపోతోంది.

ఇందాకే ప్రెసిడెంటు గారు పరామర్శకు ఫోన్ చేశారు. "ఈ రోజుల్లో ఎవర్నీ నమ్మలేమండీ! మిగతావాళ్లంతా వేయించుకునే ఉంటారనుకున్నాను" అన్నారు.

మా పాపా అదే అనుకుందండీ. దానికి ఇంకో దారి లేదు మరి.