కక్షిదారు మాట్లాడకూడదు

ఆ సోమవారం తాయారు పెసరట్లు వేయడం వెనక ఒక పథకం ఉంది. పెసరట్టు నోట్లో ఉండగా భర్త శివరామకృష్ణ దేన్నీ కాదనలేడు. గాజువాకలో వాళ్ళుండే వీధి చివరి స్కూల్లో తెలుగు టీచరు కావాలన్నారు. పెళ్ళికి ముందెప్పుడో చేసిన బి.ఎడ్.కు ఇన్నాళ్ళకు పిలుపొచ్చింది. శనివారంలోగా ఏ సంగతో చెప్పమంది హెడ్‌మిస్ట్రెస్. రెండో అట్టు మీద అల్లప్పచ్చడి వేస్తూ అడిగేద్దామనుకుంది తాయారు.

మొదటి అట్టు దగ్గరే కూతురు శ్రీసత్య ఏడుపుమొహంతో వచ్చి కూర్చుంది. ఆ పిల్ల లా చదువుతోంది. కాలేజీలో ఉత్తుత్తి కోర్టు పెట్టి వాదనల పోటీ జరపబోతున్నారు. శ్రీసత్య గొంతు ముందు బెంచీ దాటదనీ, జడ్జి ఒక్క ప్రశ్న వేస్తే నోరు పడిపోతుందనీ మేడమ్ అందరిముందూ అందట.

"ఇంట్లో నిజం గొడవేదైనా తీసుకుని రోజూ వాదించమన్నారు. మనింట్లో గొడవలే లేవాయె!"

తాయారు వంటింట్లోకి పిలిచి మెల్లగా తన సంగతి చెప్పింది. శ్రీసత్య మొహం వెలిగిపోయింది.

"నువ్వు అడక్కమ్మా. నీ తరఫున నేను వాదిస్తాను. నాన్న జడ్జి."

స్టీల్ ప్లాంటులో పై అధికారుల మాట వినీ వినీ అలిసిపోయిన మనిషి శివరామకృష్ణ. తన మాటా ఒకరు వింటారంటే వదులుకుంటాడా? సాయంత్రమే టీపాయ్ అవతల కుర్చీ వేయించుకున్నాడు.

"ఆవిడ స్కూలుకెళ్తే నా క్యారేజీ సంగతేంటి?" అన్నాడు ఎత్తుకోవడంతోనే. శ్రీసత్య నోరు పడిపోయింది.

"క్యారేజీ తెల్లారకుండానే కట్టేస్తున్నాను కదండీ..." తాయారు అందుకోబోయింది.

"అమ్మా! కక్షిదారు మాట్లాడకూడదు. లాయరే మాట్లాడాలి."

కేసు మర్నాటికి వాయిదా పడింది. వంకాయలు తరుగుతూ తాయారు లాయరును తయారు చేసింది. ఆయన ఏం అడుగుతాడో, ఏం చెబితే మెత్తబడతాడో ఆమెకు తెలియనిదా? "నీలో లోపాలుంటే అవీ చెప్పమ్మా, ముందే తెలిస్తే కాసుకుంటాను" అంది శ్రీసత్య. తాయారు దాచలేదు. మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేస్తాయి. పిల్లల గోల ఎక్కువైతే తలపోటొస్తుంది. ఛందస్సు సగం మరిచిపోయింది.

మర్నాడు శ్రీసత్య గొంతు కింది వాటాకు వినిపించింది. పోర్టులో క్రేను నడిపే నాగబాబు పరుగెత్తుకొచ్చాడు. వెనకే భార్య ఈశ్వరి.

"ఏటి బావా, గొడవేటి?"

"గొడవ కాదు, కోర్టు. కూర్చో" అన్నాడు శివరామకృష్ణ.

"ఒక మనిషి చదువును ఇన్నేళ్ళు అటకెక్కించిన ఇల్లు, ఆ మనిషికి జవాబు చెప్పక్కర్లేదా?" అని శ్రీసత్య వేలెత్తి అడిగింది. నాగబాబు కళ్ళు తుడుచుకున్నాడు. తన బి.ఎడ్. పట్టా కూడా అటక మీదే ఉన్న ఈశ్వరి, గుమ్మం దగ్గర నిలబడి మొగుడి వంక అదోలా చూసింది.

"ఇంకా ఏటాలోసిస్తన్నావు బావా? ఒప్పీసుకో!"

"తీర్పు రేపు" అన్నాడు జడ్జి, తల ఊపుతూనే. తాయారు నీలం నేతచీర తీసి ఇస్త్రీ చేసుకుంది.

మర్నాడు నాగబాబు డ్యూటీకి పోయాడు గానీ, పై వాటాలవాళ్ళు ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకుని వచ్చారు. ఈశ్వరి మళ్ళీ గుమ్మం దగ్గరే నిలబడింది. తాయారు అందరికీ టీ పెట్టింది.

"ఇవాళ అవతలి వైపు వాదిస్తాను నాన్నా" అంది శ్రీసత్య.

తాయారు ట్రే టీపాయ్ మీద పెట్టేసింది. "అదేంటే?"

"పోటీలో ఏ వైపు వస్తుందో చీటీ తీస్తే గానీ తెలీదమ్మా. రెండూ రావాలి. ప్రాక్టీసే కదా!"

శ్రీసత్య గొంతు సవరించుకుంది. "మెట్లెక్కలేనని ఆవిడే స్వయంగా ఒప్పుకున్నారు. మూడో అంతస్తులో పాఠం ఎలా చెబుతారు? పిల్లల గోల పడదు. ఛందస్సు గుర్తులేదు. ఆవిడ సరదా కోసం పిల్లల భవిష్యత్తు బలి పెడదామా?"

"ఆ స్కూలుకు మేడే లేదు!" అంది తాయారు.

"కక్షిదారు మాట్లాడకూడదు!" టీ తాగుతున్నవాళ్ళంతా ఒక్క గొంతుతో అన్నారు.

ఆ రోజు శ్రీసత్య గొంతు ముందు బెంచీనే కాదు, బాల్కనీ దాటి సందు మొదట్లో ఆటోల దాకా వెళ్ళింది. చప్పట్లు మోగాయి. "ఖర్చులు లేకుండా కేసు కొట్టేశాను" అని తీర్పిచ్చాడు శివరామకృష్ణ.

అందరూ వెళ్ళాక తాయారు ఖాళీ గ్లాసులు ఏరుతూ అడిగింది. "ఇదంతా ప్రాక్టీసే కదండీ?"

"ప్రాక్టీసే. కానీ నాకు తోచనివి కూడా చెప్పింది కదే అమ్మాయి! మూడో అంతస్తు ఎలా ఎక్కుతావు?"

"మేడే లేదంటుంటే!"

"ఆ ముక్క నీ లాయరు చెప్పాల్సింది."

శనివారం తాయారు రానని చెప్పడానికి స్కూలుకు వెళ్ళింది. ఆఫీసు గదిలో, కొత్త హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఈశ్వరి కూర్చుని ఉంది. గబుక్కున లేచి నిలబడింది.

"ఏటనుకోకక్కా. నువ్వెలాగూ రావని తేలిపోయింది గదా. మా ఆయన నీ వైపు వాదనే ఇన్నారు. 'నువ్వూ ఎల్లవే' అనీసారు. ఆ మర్నాడు డ్యూటీ పడింది, రెండో వాదన ఇన్లేదు."

సాయంత్రం శ్రీసత్య కప్పు పట్టుకుని వచ్చింది. పోటీలో ఉత్తమ న్యాయవాది. శివరామకృష్ణ దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు.

"అమ్మా, ఇంత గెలిచొస్తే ఒక్క మాటైనా అనవేం?"

తాయారు స్టవ్ మంట తగ్గించింది.

"కక్షిదారు మాట్లాడకూడదు కదమ్మా."