మబ్బుల్లో కోడికూర

కట్టెలు కొట్టడం నాకు పడదు. గొడ్డలి కనిపిస్తే చాలు, నడుం దానంతటదే పట్టేస్తుంది. అందుకే పోర్ట్‌విలా పట్నంలో ఉన్న మా బావమరిదిని బతిమాలి ఒక సోలార్ ప్యానెల్ తెప్పించాను. దాని వైరు తిన్నగా గిన్నె అడుగున ఉన్న కాయిల్‌కి తగిలించి, గిన్నె చుట్టూ కొబ్బరిపీచు దట్టంగా కట్టాను. బ్యాటరీ లేదు, పొయ్యి లేదు. ఎండ కాస్తే కూర ఉడుకుతుంది.

“కాయకపోతే?” అంది మా ఆవిడ లెయ్‌మారా.

“మన ఎఫాతే దీవిలో ఎండకేం కరువు?”

“నిన్నంతా వానేగా?”

“అయినా ఇదంతా నీకోసమే లెయ్‌మారా! పొగకి నీ కళ్ళు పాడవుతున్నాయని.”

“ఆహా! నా కళ్ళ మీద ఈ ప్రేమ ఎప్పుడు పుట్టింది? గొడ్డలి పిడి విరిగినప్పుడా?”

ఆదివారం పొద్దున్నే కోడిముక్కలు, కర్రపెండలం, కొబ్బరిపాలు గిన్నెలో వేసి, ప్యానెల్ ఎండలో పెట్టి ఇద్దరం చర్చికి వెళ్ళాం.

ప్రసంగం మధ్యలో కిటికీలోంచి చూశాను. తిమింగలమంత మబ్బు సూర్యుణ్ణి మింగేస్తోంది. “అయ్యో దేవుడా!” అన్నాను. మనసులోనే అన్నాననుకున్నాను. కాదు, పైకే.

పాస్టర్ గారు ఆగిపోయారు. “గుండెలో బరువేమిటో చెప్పు నాయనా కల్‌మేత్.”

కోడికూర అని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? “పొగలో మా ఆవిడ కళ్ళు... చూడలేక, ఎండతో ఉడికే గిన్నె చేశానండీ” అన్నాను గొంతు వణికిస్తూ.

ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుని మొగుళ్ళ వంక ఉరిమి చూశారు. మొగుళ్ళు నా వంక చూశారు. ఆ చూపులు గిన్నెకి తగిలి ఉంటే కూర అప్పుడే ఉడికిపోయేది.

లెయ్‌మారా లేచి నిలబడింది. “చెప్పుకోడానికి సిగ్గుపడుతున్నాడు గానీ పాస్టర్ గారూ, ఇవాళ వంట కూడా ఆయనదే. అందరూ వచ్చి చూడండి!”

ఇంటికి పరిగెత్తాను. గిన్నె వెచ్చగా ఉంది, కోడి పచ్చిగా ఉంది. ఇక మబ్బుల సందుల్లోంచి వెలుగు ఎక్కడ పడితే అక్కడికి, నెత్తిన ప్యానెల్, చంకలో గిన్నెతో పెరడంతా తిరిగాను. కంచె పట్టుకుని ఊరంతా చూస్తోంది.

“ఎడమకి బావా, ఎడమకి! ఎండ అటు పోతోంది!” అని కంచె అవతల నుంచి ఎవరో అరిచారు.

లెయ్‌మారా మాత్రం వంటవేళ చాప పరుచుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

పొద్దు వాలేసరికి ఉడికింది. నిజంగానే ఉడికింది! తలా ఒక ముక్క వచ్చింది. పొగ వాసనే లేదంటూ ఆడవాళ్ళు అక్కడికక్కడే మొగుళ్ళని నిలదీశారు. నేను ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

లెయ్‌మారా నెమ్మదిగా నమిలి, మూతి తుడుచుకుంది.

“బాగుంది. ఉప్పే కాస్త తగ్గింది. రేపు చూసి వేసుకో.”

“రేపా?”

“మరి? ఎండవంటకి నీ చెయ్యి అలవాటైపోయింది కదయ్యా!”