వెనక్కి చూడని గైడు

ఆ ఉదయం నిద్ర లేస్తూనే కోడలు గట్టిగా అనుకుంది: ప్రాణం మీదికొచ్చినా సరే, ఇవాళ వెనక్కి తిరిగి చూడకూడదు.

నగరంలోని పాత కట్టడాలనూ వంతెనలనూ యాత్రికులకు చూపించే గైడు పని ఆమెది. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది. "రెండడుగులకోసారి వెనక్కి చూస్తున్నారు. ఆత్మవిశ్వాసం తక్కువ," అని రెండుసార్లూ అదే రాశారు. ఇది మూడోసారి, తప్పితే పని పోతుంది. పరీక్షాధికారి ఎవరో చెప్పరు. దారి మధ్యలో ఎక్కడో గుంపులో కలుస్తాడు.

"అత్తయ్యా, వీటిలో నా గొడుగేది?"

"రెండూ నువ్వే కొన్నావు, రెండూ పసుపే. నన్నడిగితే? కళ్లజోడు బాగుచెయ్యడానికిచ్చాక నాకు మనుషులే మసగ్గా కనిపిస్తున్నారు. ఎండ ముదరకముందే వెళ్లి తెచ్చుకోవాలి."

కోడలు చేతికందిన గొడుగు పట్టుకుని బయల్దేరింది. గడియార స్తంభం దగ్గర పదిహేడుమందిని పోగుచేసి, "గొడుగు ఎటు పోతే అటు రండి," అని చెప్పి, గొడుగెత్తి, మెడ బిగబట్టి నడిచింది.

రాతి వంతెన మధ్యలో ఆగి, నది వైపు చూస్తూ, దాన్ని కట్టిన రాజు గురించి, వరదకు కూలిన మూడు కమానుల గురించి కంఠం ఖంగుమనేలా చెప్పింది. వెనక చడీచప్పుడూ లేదు. ఇంత శ్రద్ధగా ఎవరూ ఎప్పుడూ వినలేదని పొంగిపోయింది. అరగంటయ్యాక, వంతెన పిట్టగోడకు రంగు వేస్తున్న మనిషి బ్రష్షు పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"బాగా చెప్పారమ్మా. మీ వాళ్లు కూడా వింటే బాగుండేది."

"ఏ వాళ్లు?"

"స్తంభం మలుపులోనే ఇలాంటి పసుపు గొడుగే పట్టుకున్న పెద్దావిడ వెనకాల పోయారు, ఇక్కణ్ణుంచి చూశాను. గైడు మారిందేమో అనుకున్నట్టున్నారు."

కోడలు ఏడుస్తూ కూర్చునే రకం కాదు. గొడుగు మూసి పరుగందుకుంది.

అక్కడ, రెండో పసుపు గొడుగు పట్టుకుని కళ్లజోడు కోసం బయల్దేరిన అత్తగారి అవస్థ వేరు. కళ్లజోడు లేని కళ్లకు వెనక ఒక దండు కనిపించింది. సంచీ కొట్టేయడానికే అనుకుని వేగం పెంచింది. దండూ వేగం పెంచింది. తప్పించుకుందామని కోట గుమ్మంలో దూరి, రాజభవనం చుట్టూ తిరిగి, ఇనుప వంతెన దాటి, చెక్క వంతెన మీదుగా మ్యూజియం మెట్ల దగ్గర కూలబడింది.

"ఇంక నావల్ల కాదు నాయనా. ఏం చేసుకుంటారో చేసుకోండి."

అందరూ చప్పట్లు కొట్టారు. గుంపులోంచి ఒక బట్టతలాయన ముందుకొచ్చి, నమస్కారం పెట్టి, ఆమె చేతిలో ఒక కాగితం ఉంచి వెళ్లిపోయాడు. దారంతా వెతుక్కుంటూ రొప్పుతూ వచ్చిన కోడలు ఆ మెట్ల మీదే పక్కన చతికిలబడింది.

"నా పని అయిపోయింది అత్తయ్యా."

"నీ పని తర్వాత. ముందు ఈ కాగితమేమిటో చదివిపెట్టు. పోలీసు కేసేమో."

కోడలు చదివింది. "ఎక్కువ మాట్లాడి విసిగించలేదు. ప్రతి రెండడుగులకూ వెనక్కి తిరిగి, యాత్రికులు వస్తున్నారో లేదో చూసుకున్నారు. గైడుకు ఉండాల్సిన శ్రద్ధ ఇదే. ఉత్తీర్ణులు." పైన దరఖాస్తు నంబరు తనదే.

కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: "దరఖాస్తులో వయసు ఇరవై తొమ్మిది అని తప్పుగా పడింది, సరిచేయించుకోగలరు."